ఓడ ఎక్కబోయే ముందు

చిరంజీవి నాయనా,

ఓడ ఖరారైందనీ, అక్షాంశంతో పాటు కాస్మిక్ కిరణాలు ఎలా మారతాయో కొలవడానికి మ్యూయాన్ టెలిస్కోప్ తీసుకెళ్తున్నావనీ నీ ఉత్తరంలో చదివి ఎంత సంతోషించానో! అంతరిక్షం నుంచి వచ్చే ఆ కిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టి కిందికి దిగే కణాలే మ్యూయాన్లు, వాటిని లెక్కపెట్టేదే నీ టెలిస్కోప్. 1927లో జావా, నెదర్లాండ్స్ మధ్య ప్రయాణంలో డచ్ శాస్త్రవేత్త జాకబ్ క్లే చూసింది ఇదే. భూమధ్యరేఖ దగ్గర కాస్మిక్ కిరణాలు తగ్గాయి. 1932లో అమెరికా శాస్త్రవేత్త కాంప్టన్ ప్రపంచవ్యాప్త సర్వే వచ్చాకే ఆ మాటకు గట్టి బలం చేకూరింది. ఎందుకంటావా? సముద్రమట్టంలో మ్యూయాన్ల తేడా మొత్తం కలిపి పది శాతం చుట్టుపక్కలే. దాన్ని మింగెయ్యడానికి ఓడ మీద చాలా కాచుకుని ఉంటాయి.

ఊగడమే చూడు. టెలిస్కోప్ నిలువు నుంచి 10 డిగ్రీలు ఒరిగితే లెక్క సుమారు 3 శాతం పడిపోతుంది. ఎడమకి ఒరిగినా కుడికి ఒరిగినా తగ్గుదలే, ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. అందుకే వంపు కొలిచే సెన్సర్ లేకుండా బయల్దేరకు.

నాకు తగిలిన దెబ్బ వేరే. ఒక ప్రయాణంలో రాత్రికి రాత్రి లెక్క పడిపోయింది. అక్షాంశం ప్రభావమే అనుకుని మురిసిపోతూ గ్రాఫ్ గీశాను. మూడో రోజు పైడెక్కు ఎక్కితే, సరిగ్గా నా గది నెత్తిన ఇనుప సామాను పేర్చి ఉంది! అప్పటి నుంచి పైడెక్కు ఫొటో రోజూ తీస్తాను. నువ్వూ తియ్యి.

బారోమీటర్ గంటగంటకీ నమోదు కావాలి. ఉష్ణమండలంలో గాలివాన లేకపోయినా పీడనం రోజుకు రెండుసార్లు లేచి పడుతుంది. ఉదయం పదింటికి పైన, సాయంత్రం నాలుగింటికి కింద. పీడనం పెరిగితే నీ లెక్క తగ్గుతుంది.

గ్రాఫ్‌ని మామూలు అక్షాంశాలతో గీయకు. కిరణాల్ని వంచేది భూ అయస్కాంత క్షేత్రం. హిందూ మహాసముద్రంలో అయస్కాంత భూమధ్యరేఖ అసలు భూమధ్యరేఖకు ఉత్తరంగా, దక్షిణ అమెరికా వైపు దక్షిణంగా పోతుంది. ప్రతి చోటికీ కటాఫ్ రిజిడిటీ, అంటే క్షేత్రాన్ని దాటి అక్కడికి చేరడానికి కిరణానికి ఉండాల్సిన కనీస బిగువు, లెక్కగట్టి దానితో గియ్యి. అయస్కాంత అక్షాంశం 50 డిగ్రీలు దాటాక గీత చదునైపోతే పరికరం చెడిందని టెన్షన్ పడకు. అక్కడ తక్కువ శక్తి కిరణాల్ని క్షేత్రం వదిలినా గాలి వదలదు.

పదివేల కౌంట్లకు ఒక శాతం పొరపాటు తప్పదు. నేరుగా ఉత్తరానికో దక్షిణానికో సాగే 15 నాట్ల ఓడ రోజుకు 6 డిగ్రీల అక్షాంశం దాటేస్తుంది. ఎన్ని గంటల లెక్కను ఒక చుక్కగా వేయాలో ఇప్పుడే తేల్చుకో.

రేవు వదిలే ముందు రెండు రోజులు పరికరం నడిపి చూడు. తిరిగొచ్చాక అదే రేవులో మళ్ళీ రెండు రోజులు నడపనిదే ఒక్క మర కూడా విప్పకు. దారిలో పరికరం మారిందో లేదో ఆ రెండు అంకెలే చెబుతాయి. వాటిని ముందు నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు