బరంపురంలో కారు అమ్మేస్తే ఇల్లు నడుస్తుందా?

మీరు అడిగింది ఇదీ: ఒడిశాలోని బరంపురంలో కాపురం, బడికెళ్లే పిల్లలు ఇద్దరు, మోకాళ్ల నొప్పుల అత్తగారు, చుట్టాలంతా ఆంధ్రా సరిహద్దు అవతల సోంపేట వైపు, ఆంధ్రా నంబరుతో ఎనిమిదేళ్ల కారు. అమ్మేస్తే ఇబ్బంది పడతామా అని. వరస తప్పకుండా చేస్తే పడరు. ముందు కారు అమ్మేసి ఆ తర్వాత దారి వెతుక్కునేవాళ్లే ఏడాది తిరక్కుండా ఇంకో కారు బేరమాడతారు.

రోజువారీ తిరుగుడుకి మన ఊళ్లో కారు వల్ల ఒరిగేది తక్కువ. బడా బజార్ సందుల్లోనో గిరి మార్కెట్ దగ్గరో బండి పెట్టడానికి చోటు దొరికేలోపు కూరలు కొనుక్కుని ఇంటికి వచ్చేయొచ్చు. రెండేళ్లకోసారి వచ్చే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్ర, జరిగే ఏడాదైతే పాత ఊళ్లోకి కారు సంగతి మరచిపోవడమే. లోటు తెలిసేది నెలకి నాలుగైదు సార్లే: అర్ధరాత్రి జ్వరం, పెట్టెలతో స్టేషన్, జోరు వానలో బడి, అత్తగారి డాక్టరు, సరిహద్దు దాటి పెళ్లి. ఈ అయిదింటికీ ఏర్పాటు కుదిరిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. మిగతాదంతా అలవాటు.

అందుకని మొదట 45 రోజులు కారు ఇంట్లోనే ఉంచి, లేదనుకుని బతకండి. వానాకాలంలో మొదలుపెడితే మంచిది. చలికాలంలో ఎవరైనా నెగ్గుతారు. తాళం పక్కింట్లో ఇచ్చేయండి, చేతికందితే తీస్తారు. అన్నాళ్లు కదలని బండికి కొన్ని జాగ్రత్తలు కావాలి. బ్యాటరీ నలుపు వైరు (నెగటివ్) 10 నంబరు స్పానర్‌తో విప్పేయండి, లేకపోతే గడియారం, అలారం లాంటివి కొద్దికొద్దిగా తాగి మూడు నాలుగు వారాల్లో బ్యాటరీని దించేస్తాయి. ఎరుపు వైరు జోలికి ముందు వెళ్లొద్దు, స్పానర్ బాడీకి తగిలితే నిప్పురవ్వలే. హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు. మన తేమకి బ్రేక్ షూలు డ్రమ్ముకి అతుక్కుపోతాయి. గేరులో ఉంచి చక్రాలకి ఇటుకలు పెట్టండి. టైర్లలో గాలి మామూలుకన్నా మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ ఉంచండి. వారానికోసారి బానెట్ ఎత్తి చూడండి, ఎలకలు వైర్లు కొరికితే అమ్మేటప్పుడు ఆ ఖర్చు మీ నెత్తినే.

ఆ 45 రోజులూ ఒక నోటుబుక్కులో తేదీ, ఎక్కడికి, ఎంతయింది, ఎంతసేపు ఎదురుచూశారు అని రాయండి. డబ్బుల గడి కంటే ఎదురుచూపు గడే ముఖ్యం. ఇరవై నిమిషాలు దాటిన ప్రయాణాలే తర్వాత గొడవపెట్టేవి, వాటిని ఒక్కొక్కటీ సరిచేసుకోవాలి.

డబ్బు లెక్క ఉదాహరణకి చెప్తాను, మీ అంకెలు మీరు వేసుకోండి. ఏడాదికి కారు విలువ తరుగు 35,000, ఇన్సూరెన్స్ 9,000, సర్వీసూ టైర్లూ కలిపి 15,000. 6,000 కిలోమీటర్లు తిరిగితే లీటరుకి 15 చొప్పున 400 లీటర్లు, లీటరు నూరు అనుకుంటే 40,000. మొత్తం 99,000, అంటే నెలకి 8,250. ఈ సొమ్ము నెల మొదట్లోనే వేరే ఖాతాలోకి తోసేయండి. ఎందుకంటే ఆటోవాడికిచ్చే ఎనభై రూపాయలు చేత్తో ఇస్తాం కాబట్టి గుచ్చుకుంటాయి, కారు తరుగు కంటికి కనబడదు. విడిగా ఉన్న డబ్బులోంచి ఇస్తే అత్తగారిని ఆటోలో పంపడానికి చెయ్యి వెనకాడదు. ఆవిడకి వాడుక ఆటో ఒకటి కుదుర్చుకోండి, షేర్ ఆటో వద్దు. ఇరుకులో మోకాళ్లు ముడుచుకుని కూర్చోలేరు.

ఊళ్లో అయిదారు కిలోమీటర్ల లోపు పనులకి సైకిల్ చాలు. షోకు కోసం గేర్ల సైకిల్ కొనకండి. బరంపురం రోడ్లు చదునే, ఒక్క గేరు సరిపోతుంది. కావలసింది వెనక కేరియర్, పూర్తి మడ్‌గార్డులు, చెయిన్ కవరు, స్టాండు. కొత్త మోడళ్లలో చాలావాటికి ఇవి రావు, విడిగా వేయించాలి. 25 కిలోల బియ్యం బస్తా కేరియర్‌కి అడ్డంగా కాకుండా పొడుగ్గా వేసి, పాత ట్యూబు ముక్కతో రెండు చుట్లు బిగిస్తే జారదు. సీటు ఎత్తు ఇలా చూసుకోండి: పెడల్ అడుగున ఉన్నప్పుడు మడమ ఆనిస్తే కాలు నిటారుగా రావాలి. సీటు బాగా కిందకుంటే నెల తిరిగేసరికి మోకాళ్లు పట్టేస్తాయి, నేరం సైకిల్ మీద వేస్తారు.

ఉప్పు గాలి మరో తలనొప్పి. గోపాల్‌పూర్ వైపు ఇళ్లున్నవాళ్లకి చెయిన్ పది రోజుల్లో తుప్పెక్కుతుంది. ముందు పొడి గుడ్డతో తుడిచి, లింకు లింకుకీ ఒక్కో చుక్క నూనె వేసి, పావుగంట ఆగి పైనున్నది మళ్లీ తుడవాలి. పైన జిడ్డు మిగిలితే ఇసక పట్టి చెయిన్‌ని అరగదీస్తుంది. చెయిన్ సాగిందో లేదో స్కేలుతో తెలుస్తుంది. పన్నెండు పూర్తి లింకులు (లోపలిదీ బయటిదీ కలిపి ఒకటి) సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి, 12 మీద అంగుళంలో ఎనిమిదో వంతు దాటితే మార్చేయండి. ఆలస్యం చేస్తే పళ్లచక్రం కూడా మార్చాల్సొస్తుంది. టైరు పక్కనే ఎంత గాలి పట్టాలో అచ్చువేసి ఉంటుంది, వారానికోసారి చూడండి. మన దగ్గర పంక్చర్లలో చాలా గాలి తక్కువై ట్యూబు రిమ్ముకి నొక్కుకుపోయి పడేవే.

ఎండ భరించలేమంటే బ్యాటరీ సైకిల్ ఉంది. మోటారు 250 వాట్లు, వేగం గంటకి 25 కిలోమీటర్లు దాటనిదైతే రిజిస్ట్రేషనూ లైసెన్సూ అక్కర్లేదు. మే నెలలో ఎండలోంచి వచ్చిన వెంటనే చార్జింగ్ పెట్టొద్దు, బ్యాటరీ చల్లారనివ్వండి. స్కూటర్ ఉందిగా అంటారేమో, ఉండనివ్వండి, కానీ నలుగురినీ దానిమీద ఎక్కించే ఆలోచన మాత్రం వద్దు.

సోంపేట ప్రయాణాలకి కారుకన్నా రైలే నయం. తెలియని కొత్తవాళ్లు ఒకచోట మోసపోతారు: సోంపేట స్టేషన్ ఉన్నది సోంపేటలో కాదు, కంచిలిలో. దిగాక ఊళ్లోకి ఆటో పట్టాలి, చీకటి పడ్డాక చేరే బండైతే అక్కడి చుట్టాలకి ముందే ఫోన్ చేసి ఆటో మాట్లాడించుకోండి. బరంపురం దాటాక గొళంత్ర, సుర్లా రోడ్, ఆ తర్వాత ఇచ్ఛాపురం, సోంపేట, మందస రోడ్, పలాస. పలాస తప్ప ఈ చిన్న స్టేషన్లలో పెద్ద సూపర్‌ఫాస్టులు చాలావరకు ఆగవు, కాబట్టి ప్యాసింజరు వేళలు రాసుకుని వంటింటి తలుపు మీద అంటించండి. జనరల్ టికెట్ 199 కిలోమీటర్ల లోపు దూరానికైతే కొన్న మూడు గంటల్లోపు, లేదా ఆ తర్వాత బయల్దేరే మొదటి బండిలో, ఎక్కాలి. పొద్దున కొనేసి మధ్యాహ్నం వెళ్దాం అంటే కుదరదు. ఫోన్‌లో కాగితం లేని టికెట్ తీసుకునేవాళ్లు ఇంటి దగ్గరే తీసుకోండి. ప్లాట్‌ఫారం మీదికెళ్లాక తీద్దామంటే యాప్ ఒప్పుకోదు, అప్పుడు స్టేషన్లో అంటించిన క్యూఆర్ స్కాన్ చేయాలి. వారానికి మూడు నాలుగు సార్లు పలాస దాకా వెళ్లే పని ఉంటే నెల సీజన్ టికెట్ తీసుకోండి. అది సూపర్‌ఫాస్టులో అదనపు చార్జీ కట్టకుండా చెల్లదు, స్లీపర్లో అసలే చెల్లదు. పర్లాకిమిడి వెళ్లాలంటే నౌపడ మీదుగా గుణుపూర్ వెళ్లే బండి చూసుకోండి. బళ్లు తక్కువ, తిరుగు ప్రయాణం వేళ తెలుసుకోకుండా బయల్దేరొద్దు.

ఇచ్ఛాపురం నుంచి ఆంధ్రా ఆర్టీసీ ఎక్కే ఆడవాళ్లకి ఒక మాట. 2025 ఆగస్టు 15న మొదలైన ఉచిత ప్రయాణం ఆంధ్రా చిరునామా ఉన్న గుర్తింపు కార్డుకే. ఒడిశా ఆధార్ చూపిస్తే టికెట్ కొట్టించుకోవాల్సిందే, కండక్టరుతో వాదించి లాభం లేదు.

పెళ్లిళ్లకీ, సామాన్లున్నప్పుడూ టాక్సీ. పసుపు నంబరు ప్లేటు బండే మాట్లాడండి. తెలిసినవాళ్ల తెల్ల ప్లేటు కారు చవగ్గా వస్తుంది కానీ కిరాయికి తిప్పుతూ దెబ్బతింటే ఇన్సూరెన్స్ కంపెనీ ఆ సాకుతోనే చేతులెత్తేస్తుంది. సరిహద్దు దాటుతారు కాబట్టి రెండో రాష్ట్రానికీ పర్మిట్ ఉందా అని బేరానికి ముందే అడగండి. కిలోమీటరు రేటు ఒక్కటే అడిగితే సరిపోదు: రోజుకి కనీసం ఎన్ని కిలోమీటర్లకి లెక్క కడతారు, డ్రైవరు బత్తా ఎంత, రాత్రి ఆగితే ఎంత, టోలు ఎవరిది. ఖాళీగా తిరిగొచ్చే దూరం ఎవరి ఖాతాలో పడుతుందన్న దగ్గరే గొడవలొస్తాయి.

రాత్రి ఆసుపత్రి సంగతికొస్తే 108 ఒడిశాలోనూ ఆంధ్రాలోనూ ఉంది. ఊపిరాడనప్పుడూ, గుండెనొప్పికీ దానికే చెయ్యండి, కారున్నా సరే. పక్షవాతం లక్షణాలకీ అంతే. జ్వరం, వాంతుల్లాంటివాటికి మీ వీధికి దగ్గర్లో రాత్రి బండి ఇంట్లోనే పెట్టుకునే ఆటోవాళ్లు ఇద్దరి నంబర్లు కావాలి. ఒక్కరు చాలరు. పగలు నెలకి రెండు మూడు కిరాయిలు వాళ్లకే ఇస్తుంటేనే రాత్రి రెండింటికి ఫోనెత్తుతారు. వాన రోజుల్లో పిల్లల బడికీ ఆ ఇద్దరిలో ఒకరితో సీజనుకింత అని మాట్లాడుకోవచ్చు.

తుపానుకి కారుండాలి అనే మాట ఇక్కడ తరచు వింటాం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు విరుచుకుపడినప్పుడు చెట్లు పడి రోడ్లు మూసుకుపోయాయి, కారూ కదల్లేదు. మూడు రోజుల మంచినీళ్లు, పదిహేను రోజుల మందులు ఇంట్లో ఉంటే అదే రక్ష. డయాలసిస్ లాంటి అవసరం ఉన్నవాళ్లుంటే హెచ్చరిక రాగానే, గాలి మొదలవకముందే ఆసుపత్రి దగ్గరికి మార్చేయాలి.

ఇక అమ్మకం. ఆంధ్రా నంబరు బండి ఆంధ్రాలో ఉన్నవారికి అమ్మితే పని బేగి అవుతుంది: పేరు మార్పుకి ఫారం 29, 30 చాలు. ఒడిశావాళ్లకి అమ్మితే ఫారం 28తో ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీయాలి, చలాన్లన్నీ కట్టాలి, కొన్నవాళ్లు ఇక్కడ పన్ను కట్టాలి కాబట్టి ఆ మేరకు ధర తగ్గించమంటారు. కారు అప్పు తీరినా ఆర్సీలో (రిజిస్ట్రేషన్ కార్డులో) బ్యాంకు పేరు ఉండిపోతుంది, ఫారం 35తో ముందు అది తీయించండి. డీలరుకి ఇస్తే రిజిస్టరైన డీలరేనా చూసి, బండి అప్పగించినట్టు తెలిపే ఫారం 29సీ నింపించండి. సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు ఎవరికీ ఇవ్వొద్దు. ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాదం జరిగినప్పుడు వాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఇన్సూరెన్స్ కంపెనీని నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు వచ్చే తగ్గింపు) లెటరు అడిగి తీసుకోండి, మూడేళ్లలోపు మళ్లీ కారు కొంటే పనికొస్తుంది. ఫాస్టాగ్ అద్దం మీంచి పీకేస్తే చాలదు, బ్యాంకుతో మూయించండి, లేకపోతే కొన్నవారి టోళ్లు మీ ఖాతాలో కోతపడతాయి. బండి ఇచ్చిన తేదీ, గంటా నిమిషంతో సహా రాసి కొన్నవారి సంతకం, లైసెన్సు నకలు తీసుకోండి. రవాణా శాఖ వెబ్‌సైటు పరివాహన్‌లో కొత్త పేరు కనబడేదాకా ఆ కాగితం బీరువాలోనే ఉండాలి.