ఇంగ్లండ్ కాలువల్లో పడవలు అంత సన్నగా ఎందుకుంటాయి?

ఏడడుగుల వెడల్పు, డెబ్బై అడుగుల పొడవుతో పడవ ఎవరు కడతారండీ అని అడిగారు. తప్పు పడవ కట్టినవాడిది కాదు, లాకు కట్టినవాడిది. లాకంటే నీటిమట్టం మారే చోట పడవను ఎక్కించి దించే తలుపుల తొట్టి. 1766లో ట్రెంట్ అండ్ మెర్సీ కాలువ మొదలుపెట్టినప్పుడు జేమ్స్ బ్రిండ్లీ లాకుల వెడల్పు ఏడడుగులకు కాస్త పైన పెట్టాడు. నీళ్లు, ఖర్చు రెండూ కలిసొస్తాయని. ఆ కాలువ దారిలోని హేర్‌కాజిల్ సొరంగం ఇంకా వెడల్పుగా తవ్వాలంటే తడిసి మోపెడయ్యేది. అందులో పడవ లాగే గుర్రం నడిచే దారి కూడా వదల్లేదు, పడవవాళ్లు వెల్లకిలా పడుకుని గోడల్ని కాళ్లతో తన్నుకుంటూ దాటేవారు.

అసలు సంగతి పడవ వెనక భాగంలో మనుషులు కాపురముండే గది. నాన్నగారు బర్మింగ్‌హామ్‌లో మా దగ్గరికి వచ్చినప్పుడు హాటన్ లాకులకు తీసుకెళ్లాను. వరసగా 21. ఆయన పెరిగింది గోదావరి పశ్చిమ డెల్టాలో, ధాన్యం పడవల్ని మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం చూసిన మనిషి. లాకులోంచి ఒక పాత సరుకు పడవ వస్తుంటే, ఎవరూ అడక్కుండానే తలుపు దూలానికి వీపు ఆనించి తోశారు. పడవలోని పెద్దావిడ మురిసిపోయి లోపలికి పిలిచింది. ఆ వెనక గది పది అడుగులుండదు. బొగ్గు పొయ్యి, కిందికి దించితే బల్లయ్యే అలమర తలుపు, అడ్డంగా వాల్చే మంచం. ఇందులో మొగుడు, పెళ్లాం, పిల్లలు అందరూ ఉండేవాళ్లని చెప్పింది. బయటికొచ్చాక నాన్నగారు, "మనవాళ్లు ఆరుబయట పడుకునేవాళ్లురా, నయం" అన్నారు.

రైళ్లు వచ్చి సరుకు రేట్లు పడిపోయాక, గట్టు మీద ఇంటికి అద్దె కట్టలేక సంసారాలు పడవెక్కాయి. జీతం పడవ నడిపేవాడొక్కడికే, పెళ్లాం పిల్లల చాకిరీ ఊరికే. గదిలో ఎంతమంది ఉండొచ్చో 1877లో చట్టమే తేవాల్సి వచ్చింది. ఇప్పుడు అందరూ పడవ తలుపుల మీద వేసిన గులాబీలు, కోటల బొమ్మలకే ఫొటోలు తీస్తారు. నాకు ఒళ్లు మండుతుంది.

ఇంకో తమాషా. హాటన్ లాకుల్ని 1930లలో వెడల్పు చేశారు, రెండు పడవలు పక్కపక్కన పడతాయి. అదే దారిలో బర్మింగ్‌హామ్ చివరున్న క్యాంప్ హిల్ లాకుల్ని మాత్రం అలాగే వదిలేశారు! పెద్ద పడవ వస్తే అక్కడ ఆగిపోవాల్సిందే. సగం పని చేసి చేతులు దులుపుకోవడం మన ఇరిగేషన్‌ వాళ్ల సొత్తే అనుకునేవాణ్ణి.

1962-63 చలికాలంలో కాలువలు గడ్డకట్టి, మిగిలిన వ్యాపారమూ పోయింది. లండన్ పక్క సౌతాల్‌లోని జామ్ ఫ్యాక్టరీకి బొగ్గు మోసే పడవలు మాత్రం 1970 దాకా నడిచాయి. ఇప్పుడు కాలువ పక్కన అపార్ట్‌మెంట్లు కొన్నవాళ్లు పడవల పొయ్యి పొగ వస్తోందని కంప్లైంట్లు పెడుతున్నారు. కాలువ కనిపిస్తుందనే కదా ఎక్కువ రేటు పెట్టి కొన్నది!