అన్నం దగ్గర వాడిది మొండితనం కాదు

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్లు, సెరిబ్రల్ పాల్సీ. నడవలేడు, మాటలు రావు. అన్నం పెట్టాలంటే గంట పడుతుంది. ముద్ద నోట్లో పెట్టగానే వెనక్కి విరుచుకుంటాడు, దగ్గుతాడు, ఉమ్మేస్తాడు. మొన్న విసుగొచ్చి చెయ్యి చేసుకున్నాను. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు బయట తిరిగినందుకే ఇలా పుట్టాడని అత్తయ్య అంటారు. అసలు వాడికి ఏమైనా అర్థమవుతుందా? - ఒక తల్లి, నల్గొండ జిల్లా

జవాబు: ముందు అన్నం సంగతి చూద్దామమ్మా. వాడు కావాలని విరుచుకోవడం లేదు. సెరిబ్రల్ పాల్సీలో మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు వాడి మాట వినక బిగుసుకుపోతున్నాయి. తల వెనక్కి వాలితే ఎవరికైనా మింగడం కష్టమే, పొలమారుతుంది. ఒళ్లో పడుకోబెట్టి తినిపిస్తుంటే ఈ రోజే మానేయండి. వీపుకు ఆసరా ఇచ్చి, పాదాలు కింద ఆనేలా కూర్చోబెట్టండి. తల కాస్త ముందుకు వంగి ఉండాలి. మీరు ఎదురుగా, వాడి కళ్ల ఎత్తులో కూర్చోండి. నిలబడి పెడితే మిమ్మల్ని చూడ్డానికి తల పైకెత్తేస్తాడు. పప్పన్నమో పెరుగన్నమో మెత్తగా, కాస్త చిక్కగా కలిపి చిన్న స్పూన్‌తో పెట్టండి. మింగాకే రెండోది. ఇలాంటి పిల్లలకు చాలాసార్లు అన్నం కంటే నీళ్లు, పల్చటి చారే ఎక్కువ పొలమారతాయి. ఇలా చేసినా దగ్గు ఆగకపోయినా, తిన్నాక గొంతు గరగరలాడినా, మాటిమాటికీ న్యుమోనియా వస్తున్నా ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి. స్పీచ్ థెరపిస్టులు మాటలే కాదు, మింగడం కూడా చూస్తారు.

మాట రాకపోతే అర్థం కాదని అనుకోకండి. అరటిపండు ఒక చేత, బిస్కెట్ ఒక చేత పట్టుకుని ‘ఏది కావాలి?’ అని కాసేపు ఆగండి. చూపు ఎటు వెళ్తే అదే ఇవ్వండి. రోజూ చేస్తుంటే మీకే తెలుస్తుంది. వాడి ముందు ‘వీడి ఖర్మ’ లాంటి మాటలు ఎవరూ అనకూడదు, అత్తయ్య కూడా.

గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. నెలలు నిండకుండా పుట్టడం, కాన్పులో ఆక్సిజన్ అందకపోవడం, పుట్టాక కామెర్లు బాగా ముదరడం లాంటివి కారణాలు. కొందరిలో కారణం అసలు తేలదు. మీరు చెబితే ఆవిడ వినరు, డాక్టర్ నోటితో చెప్పించండి.

చెయ్యి చేసుకోవడం తప్పే. కానీ మూడు పూటలా మీరొక్కరే పెడితే ఆ విసుగు మళ్లీ వస్తుంది. రాత్రి భోజనం వాళ్ల నాన్న పెట్టాలి. మొదట్లో ఆయనకూ గంట పడుతుంది, పట్టనివ్వండి.

సదరం శిబిరంలో ఇచ్చే వైకల్య సర్టిఫికెట్ లేకపోతే తీసుకోండి. దాంతో కేంద్ర ప్రభుత్వ పథకమైన నిరామయ ఆరోగ్య బీమాకు దరఖాస్తు చేయొచ్చు. ఏడాదికి లక్ష రూపాయల వరకు వస్తుంది, థెరపీ ఖర్చులూ అందులో ఉన్నాయి. మీ మండలంలో ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రంలో ఫిజియోథెరపీ ఏ రోజుల్లో ఉంటుందో అడగండి. ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు బాబు తింటున్న వీడియో ఒకటి ఫోన్‌లో తీసి పట్టుకెళ్లండి, అత్తయ్యనూ వెంట తీసుకెళ్లండి.