ఇస్లాం గురించి నలుగురిలో మర్యాదగా మాట్లాడుకోవడం ఎందుకింత కష్టం?

చదువుకున్నవాళ్ళ మధ్య కూడా ఇస్లాం మాట రాగానే గొడవ ఎందుకవుతుంది, అసలు ఆ ఊసు ఎత్తకపోవడమే మేలా అని అడిగారు. ఎత్తాలనే నేనంటాను. ఒకసారి నా చేతులారా చెడగొట్టుకున్నాక కూడా అదే అంటున్నాను.

నేను బెంగళూరులో, మారతహళ్ళి వైపు ఉంటాను. మా చుట్టుపక్కల తెలుగువాళ్ళం నెలకోసారి కూర్చుని ఏదో ఒక విషయం మాట్లాడుకుంటాం. ఉడుపి కాలేజీలో మొదలైన హిజాబ్ గొడవ మీద 2022 మార్చి 15న కర్ణాటక హైకోర్టు తీర్పు ఇచ్చింది, తరగతుల్లో హిజాబ్ మీద నిషేధాన్ని సమర్థించింది. ఆ నెల చర్చ నడిపే బాధ్యత నాది. ‘ఇస్లాం, స్త్రీ స్వేచ్ఛ’ అని అంశం పెట్టాను. తప్పు అక్కడే జరిగింది. అంత పెద్ద గొడుగు కింద ఎవరికి తోచింది వాళ్ళు మాట్లాడొచ్చు కదా. పావుగంటలో ఉడుపి కాలేజీని వదిలేసి తలాక్‌కి, తలాక్ నుంచి ఔరంగజేబుకి, అక్కణ్ణుంచి అఫ్గానిస్తాన్‌కి వెళ్ళిపోయాం.

ఆ గదిలో ముస్లిం ఒక్కడే. పొద్దుటూరు నుంచి వచ్చిన దూదేకులాయన, నాకు మంచి మిత్రుడు. ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఉర్దూ రాదు. ప్రతి ప్రశ్నా తిరిగి తిరిగి ఆయన మీదికే వచ్చింది. “మీవాళ్ళు దీన్ని ఎందుకు ఖండించరు?” అని ఒకరు, “మీ పుస్తకంలో ఇలా ఉందట కదా?” అని ఇంకొకరు. ఆ ‘మీ’ అనే మాట పడ్డాక అది చర్చ కాదు, విచారణ. చివరికి, “అన్నా, నేనేమన్నా తాలిబాన్లకు వకాల్తా పుచ్చుకున్నానా?” అని లేచి వెళ్ళిపోయాడు. ఆర్నెల్లు రాలేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది మరొకటి. అదే రోజు ఒకావిడ బహుభార్యాత్వం గురించి సూటిగా, మర్యాదగా అడిగింది. మాలో ఒక పెద్దాయన, “వద్దమ్మా, మనసు నొచ్చుకుంటారు” అని ఆమె నోరు మూయించారు. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ తర్వాత నేను ఇంటికి వెళ్ళి క్షమాపణ అడిగినప్పుడు మా మిత్రుడన్నాడు: “ఆ రోజు జవాబు చెప్పదగ్గ ప్రశ్న అదొక్కటే. మా అక్క కూడా అదే అడుగుతుంది. దాన్నే ఆపేశారు మీరు.”

నిజమే. షాబానో కేసులో భరణం అడిగినామె ముస్లిం. 1985లో సుప్రీంకోర్టు ఆమెకు అనుకూలంగా చెబితే, 1986లో పార్లమెంటు ఆ తీర్పును పక్కకు నెట్టే చట్టం చేసింది. తక్షణ ముమ్మారు తలాక్ మీద కోర్టుకెళ్ళిన షాయరా బానో కూడా ముస్లిమే. 2017లో ఆ తలాక్ చెల్లదని అయిదుగురు న్యాయమూర్తుల్లో ముగ్గురు తేల్చారు. ఇస్లాం ఆచారాల్ని ప్రశ్నించడమే ముస్లింలను అవమానించడం అనేవాళ్ళు ఈ ఆడవాళ్ళను లెక్కలోంచి తీసేస్తున్నారు. ముస్లింలందర్నీ ఒకే గాటన కట్టేవాళ్ళూ చేసేది అదే.

భయం కూడా ఉంది, రెండువైపులా. 2020 ఆగస్టు 11 రాత్రి ఇదే ఊళ్ళో ప్రవక్త గురించిన ఒక ఫేస్‌బుక్ పోస్టు మీద డి.జె. హళ్ళి అనే పేట తగలబడింది, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. హిందువుల కరగ ఉత్సవం ఊరేగింపు ఏటా కాటన్‌పేట మస్తాన్ దర్గా దగ్గర ఆగేదీ ఈ ఊళ్ళోనే. అయినా జనం నోరు విప్పేముందు తలుచుకునేది ఆ రాత్రినే.

2022 అక్టోబరు 13న హిజాబ్ కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులూ విడిపోయారు. జస్టిస్ హేమంత్ గుప్తా హైకోర్టు తీర్పు మీది అప్పీళ్ళను కొట్టేశారు. జస్టిస్ సుధాంశు ధూలియా అది ఆ అమ్మాయి ఇష్టానికి వదలాల్సిన విషయమన్నారు, ఆమె చదువే తనకు ముఖ్యమన్నారు. నవంబరులో మళ్ళీ కూర్చున్నాం. ఈసారి ప్రశ్న ఒక్కటే: యూనిఫాం ఉన్న కాలేజీలో హిజాబ్ వేసుకోనివ్వాలా, వద్దా? ఎవరికి ఏ తీర్పు నచ్చలేదో వాళ్ళు ఆ తీర్పులోని వాదనే ముందు వినిపించాలి. ‘మీవాళ్ళు’ అనే మాట వాడకూడదు.

గొంతులు లేచాయి, ఒకరిద్దరు మధ్యలో వెళ్ళిపోయారు కూడా. మా మిత్రుడు మాత్రం చివరిదాకా కూర్చున్నాడు. తనకు గుప్తా గారి వాదనే సబబుగా ఉందన్నాడు. అది మాలో ఎవరూ ఊహించలేదు. బహుభార్యాత్వం గురించి అడిగినావిడ ఆయనతో గట్టిగా విభేదించింది. టీ చల్లారిపోయేదాకా ఇద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు.