ఎన్నారై సందేహాలు: బొట్టు పెట్టుకుని మసీదుకు వెళ్లవచ్చా?

ప్రశ్న: దుబాయికి కొత్తగా వచ్చాను. చలికాలంలో అమ్మానాన్నలు, అత్తయ్య విజిట్ వీసా మీద వస్తున్నారు. అబుదాబి పెద్ద మసీదు చూడాలని నాన్న పట్టుబడుతున్నారు. హిందువులను లోపలికి రానిస్తారా? అమ్మ చీర తప్ప వేరేది కట్టదు. బొట్టు తీసేయమంటారా? చూడదగ్గ మసీదులు ఇంకా ఉన్నాయా?

జవాబు: మీ నాన్నగారి మాట కాదనకండి. ఊరి నుంచి పెద్దవాళ్లు వస్తే మనవాళ్లు ఒక మాల్ తర్వాత ఇంకో మాల్ తిప్పి, వాళ్ల కాళ్లు వాచాక విమానం ఎక్కిస్తారు. ఈ దేశంలో పనితనం చూడాలంటే మసీదుల్లోనే చూడాలి. హైదరాబాదులో ఏళ్ల తరబడి ఉండి, లాడ్ బజారులో గాజులు కొనుక్కుని, పక్కనే ఉన్న మక్కా మసీదు ఆవరణలోకి తొంగి చూడని వాళ్లు మనలో ఎంతమంది లేరు! ఇక్కడైనా ఆ లోటు తీర్చుకోవచ్చు.

ముందు బొట్టు సంగతి. ఎవరూ తీయమనరు. మంగళసూత్రం, గాజులు, మట్టెలు దేనికీ అభ్యంతరం లేదు. వాళ్లు చూసేది ఒంటి మీద బట్టనే. ఆడవాళ్లకు జుట్టు, చేతులు మణికట్టు దాకా, కాళ్లు చీలమండల దాకా కప్పి ఉండాలి. బట్ట పలచగా ఉండకూడదు, ఒంటికి అతుక్కుపోకూడదు. చీరతో చిక్కు ఇక్కడే వస్తుంది. నడుము, మోచేతులు కనిపిస్తాయి కాబట్టి ద్వారం దగ్గర ఆపేస్తారు. అమ్మగారు చీర మానక్కర్లేదు, దాని మీద వదులైన అబాయా (ఒంటినిండా వచ్చే పొడవాటి పై అంగీ) ఒకటి తొడిగి, తలకు పెద్ద చున్నీ చుట్టుకుంటే చాలు. అబాయా ముందే కొనుక్కోండి. మసీదు దగ్గర దొరికినా అక్కడి ధర అక్కడిదే. అత్తయ్యకు చుడీదార్ అలవాటుంటే పొడుగు చేతులది, మందపాటి చున్నీతో సరిపోతుంది. నాన్నగారికి ప్యాంటు చొక్కా చాలు. మీరు మాత్రం నిక్కరుతో బయలుదేరకండి. ఆఖరికి ఆగిపోయేది ఎప్పుడూ తీసుకెళ్లిన కుర్రాడే!

అబుదాబిలోని షేక్ జాయెద్ మసీదుకు ప్రవేశ రుసుము లేదు, కానీ ముందుగా ఆన్‌లైన్‌లో అందరి పేర్లూ నమోదు చేసుకోవాలి. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ సందర్శకులను రానివ్వరు. రంజాన్ నెలలో వేళలు మారతాయి. లోపలికి దారి భూగర్భంలో ఉన్న దుకాణాల సముదాయం గుండా వెళుతుంది, నడక ఎక్కువే. మోకాళ్ల నొప్పులున్నవారికి బ్యాటరీ బండ్లు, చక్రాల కుర్చీలు ఉంటాయి. మొహమాటపడకుండా అక్కడి సిబ్బందిని అడగండి. దుబాయిలోని ఇబ్న్ బతూతా బస్టాండు నుంచి ఇ101 బస్సు, అల్ గుబైబా బస్టాండు నుంచి ఇ100 బస్సు అబుదాబికి వెళతాయి. బస్సు ఛార్జీకి వాడే నోల్ కార్డులో డబ్బు ఉండాలి. బస్సు దిగాక టాక్సీ పట్టుకోండి. పెద్దవాళ్లతో సిటీ బస్సులు మారుతూ తిరగడం నేను సలహా ఇవ్వను.

ఈ మసీదు కట్టడం 1996లో మొదలై 2007లో పూర్తయింది. ఎమిరేట్లను ఏకం చేసిన షేక్ జాయెద్ 2004లో కన్నుమూశారు. తాను తలపెట్టిన మసీదు పూర్తికాక ముందే దాని పక్కన సమాధి అయ్యారు. అక్కడ రాత్రీ పగలూ ఖురాన్ పారాయణం జరుగుతూనే ఉంటుంది. సమాధిని ఫొటో తీయకూడదు. మొత్తం 82 గుమ్మటాలు, నాలుగు మూలలా వంద మీటర్లు దాటిన మినార్లు, ఒకేసారి 40 వేల మందికి పైగా నమాజు చేసుకునేంత చోటు. ఈ లెక్కలు టాక్సీ డ్రైవరు కూడా చెబుతాడు. నేను చూడమనేది వేరే.

వసారాలోని తెల్లటి స్తంభాల దగ్గర ఒక్క నిమిషం ఆగండి. పాలరాయిలో తీగలూ పూలూ చెక్కి, ఆ పల్లాల్లో లాజవర్దం అనే నీలిరాయి, ఎర్ర అకీకు రాయి, ఊదారంగు రాళ్లు, ముత్యపు చిప్ప ముక్కలు పొదిగారు. తాజ్‌మహల్ గోడల మీద చూసిన పనే ఇది. పైన తలకట్టు బంగారు రంగు ఖర్జూరపు మట్టల్లా విచ్చుకుని ఉంటుంది. నాన్నగారికి ఇంకో ముక్క చెప్పండి: ఇక్కడి పాలరాయిలో కొంత మన రాజస్థాన్‌లోని మక్రానా నుంచి వచ్చింది. బయట గోడలకు తొడిగింది మాత్రం మాసిడోనియా రాయి.

లోపలికి వెళ్లగానే అందరూ తలెత్తి షాండ్లియర్ చూస్తారు. చూడాల్సిందే, జర్మనీలో చేయించిన ఆ పెద్దది 12 టన్నుల బరువు. ఆ తర్వాత తల దించి కింద తివాచీ చూడండి. ఇరాన్‌లో వెయ్యిమందికి పైగా నేతగత్తెలు చేతులతో ముడులు వేసి నేసిన 5,627 చదరపు మీటర్ల తివాచీ అది. దాని మీద నమాజు వరుసల కోసం గీతలు ఉంటాయి. వేరే రంగు దారంతో వేసినవి కావు, ఊలును కొద్దిగా కత్తిరించి ఎత్తుపల్లంగా తేల్చినవి. నిలబడి చూస్తే ఆనవు. మోకాళ్ల మీద కూర్చున్నవాడికే తెలుస్తాయి. నేత ఇళ్లలో పుట్టిన వాళ్లు మీ కుటుంబంలో ఎవరైనా ఉంటే ఇక్కడ నుంచి కదలరు. ఎదురుగా ఖిబ్లా గోడ (నమాజులో ముఖం పెట్టే మక్కా దిక్కు గోడ) మీద అల్లాకున్న 99 పేర్లు ఎమిరేట్ల లిపికారుడు మహమ్మద్ మందీ రాసినవి.

వెళ్లే వేళ ఎంచుకుంటే మేలు. సాయంత్రం ఎండ ఉండగానే చేరి, చీకటి పడే వరకు ఉండేలా చూసుకోండి. రాత్రి గోడల మీద పడే వెలుతురు చంద్రకళలను బట్టి మారుతుంది. పౌర్ణమికి తెల్లగా మెరుస్తుంది, అమావాస్య వైపు వెళ్లేకొద్దీ నీలం ముదురుతుంది. అమ్మగారికి పంచాంగం చూసే అలవాటుంటే తిథి ఆవిడనే నిర్ణయించమనండి.

ఫొటోలు తీసుకోవచ్చు. భుజాల మీద చేతులేసుకుని, ఎగిరి దూకి తీసుకునేవి కుదరవు. 2013లో గాయని రిహానాను కూడా ఫొటోల తీరు బాగాలేదని వెళ్లిపొమ్మన్నారు, ఇక మన రీల్సు ఎంత!

అబుదాబి దారిలోనే అబూ మురైఖాలో 2024లో తెరిచిన బాప్స్ (స్వామినారాయణ సంస్థ) హిందూ మందిరం కూడా ఉంది. రెండూ ఒకే రోజు చూసేవారు చాలామంది. దానికి నమోదు వేరుగా చేసుకోవాలి, వేళలు ముందే చూసుకోండి.

దుబాయిలో అయితే జుమేరా మసీదు. 1979 నాటిది, ఈజిప్టును ఏలిన ఫాతిమీ వంశం నాటి పద్ధతిలో కట్టినది, పాత 500 దిర్హాముల కాగితపు నోటు మీద ఉన్నది ఇదే. కట్టడంగా అబుదాబి ముందు చిన్నదే, కానీ ఇక్కడ దొరికేది అక్కడ దొరకదు. టికెట్టు కొంటే ఖర్జూరాలు, గహ్వా (అరబ్బీ కాఫీ) ఇచ్చి కూర్చోబెట్టి, వుజూ (నమాజుకు ముందు కాళ్లూ చేతులూ ముఖం కడుక్కోవడం) ఎలా చేస్తారో, నమాజు ఎలా చదువుతారో చూపించి, అడిగిన ప్రశ్నకల్లా జవాబు చెబుతారు. అంతా ఇంగ్లీషులో సాగుతుంది కాబట్టి పక్కన కూర్చుని తెలుగులో చెప్పే పని మీదే.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైనది చెబుతాను. ఫుజైరా తీరంలో, ఖోర్‌ఫక్కాన్ దాటి దిబ్బా వైపు వెళ్లే రోడ్డు పక్కన అల్ బిదియా మసీదు ఉంది. ఎమిరేట్లలో ఇంకా నిలిచి ఉన్న మసీదుల్లో అతి పాతది, 1446 ప్రాంతానిదని తవ్వకాల్లో తేలింది. మన పెంకుటింటి ముందుగది కన్నా పెద్దదేమీ కాదు. రాయి, పగడపు రాళ్లు, మట్టి ఇటుకలతో కట్టి, సున్నం పూశారు. కప్పుకు కొయ్య వాడలేదు. పైన నాలుగు గుమ్మటాలు, ఒక్కోటీ మెట్లు మెట్లుగా, పెద్ద పళ్లెం మీద చిన్న పళ్లెం బోర్లించినట్టు ఉంటుంది. ఆ నాలుగింటి బరువునూ లోపల నడిమధ్య నిలబెట్టిన ఒక్క స్తంభం మోస్తోంది. గోడల్లో ఖురాన్ పెట్టుకునే చిన్న గూళ్లు, గాలి వెలుతురు వచ్చే కంతలు. చమురు డబ్బుకు అయిదు వందల ఏళ్ల ముందు, చేపలు పట్టుకుని ఖర్జూరం పండించుకున్న ఊరు తనకున్న దానితో ఇంత కట్టుకుంది. అబుదాబి చూసిన మర్నాడు దీన్ని చూస్తే నాన్నగారితో గంటసేపు మాట్లాడుకోవడానికి సరుకు దొరుకుతుంది. నమాజు జరగని వేళ చూసి, అక్కడున్నవారిని అడిగి లోపలికి వెళ్లండి. వద్దంటే బయటి నుంచే చూసి, వెనక గుట్ట మీది కాపలా బురుజులు ఎక్కండి. దుబాయిలోని యూనియన్ బస్టాండు నుంచి ఫుజైరాకు ఇ700 బస్సు ఉంది, కానీ అక్కడి నుంచి ఇంకా దూరం. నలుగురు కలిసి కారు మాట్లాడుకోవడమే నయం.

సెలవు ఎక్కువ ఉండి ఒమాన్ దాకా వెళ్లేవారికి మస్కట్‌లో సుల్తాన్ ఖాబూస్ మసీదు ఉంది. 2001లో తెరిచారు. దానికి వాడిన మూడు లక్షల టన్నుల ఇసుకరాయి మన దేశం నుంచి ఓడల్లో వెళ్లింది. ముస్లిమేతరులకు ఉదయం పూట మాత్రమే, శుక్రవారం తప్ప. పదకొండింటికి తలుపులు మూసేస్తారు. తెల్లవారి టిఫిన్ల దగ్గర ఆలస్యం చేస్తే ప్రయాణం వృథా.

ఒక జాగ్రత్త. సందర్శకులకు తెరిచి ఉన్నవి కొన్నే. మీ వీధి మసీదు అందంగా ఉంది కదా అని చెప్పకుండా లోపలికి నడవకండి. సౌదీ నుంచి కూడా ఇదే ప్రశ్న వస్తుంటుంది: మక్కా నగరంలోకే ముస్లిమేతరులకు ప్రవేశం లేదు, రోడ్డు మీద బోర్డులు ఉంటాయి, వాటి దగ్గరే మలుపు తిరగాలి.