గురువు లేకుండా బొమ్మలు నేర్చుకుంటే అసలు ఇబ్బంది ఎక్కడొస్తుందంటే

సొంతంగా బొమ్మలు గీయడం నేర్చుకునేవాళ్ళకి ఎక్కడ కష్టమవుతుందని అడిగారు. నేను 26 ఏళ్ళప్పుడు మొదలుపెట్టాను, ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్ళు. ఎనిమిదేళ్ళయింది.

ఎలా గీయాలో చెప్పేవాళ్ళకి కొదవ లేదు, యూట్యూబ్ నిండా వాళ్ళే. మనం గీసినదాన్ని చూసి "ఇదిగో, ఇక్కడ తప్పింది" అని వేలు పెట్టి చూపించేవాళ్ళే దొరకరు. ఇంట్లోవాళ్ళు బాగుందంటారు, స్నేహితులు సూపరంటారు.

మొదటి రెండేళ్ళూ ఫొటో మీద గళ్ళు కొట్టి, షీటు మీద గళ్ళు కొట్టి, గడికి గడి దించేయడమే నా పని. హీరోల ముఖాలు అచ్చు దిగిపోయేవి. ఓ ఆదివారం గళ్ళు లేకుండా, బల్ల మీదున్న స్టీలు గ్లాసు గీద్దామని కూర్చున్నా. రాలేదు. పై అంచు పున్నమి చంద్రుడిలా వేశాను, అడుగేమో స్కేలు పెట్టినట్టు తిన్నగా గీశాను. అంచు గుండ్రమని తెలుసు, అడుగు బల్లకి ఆనిందని తెలుసు. తెలిసింది వేశాను, కనిపించింది వేయలేదు. కాస్త పైనుంచి చూస్తే అంచు సాగిన కోడిగుడ్డులా ఉంటుంది, అడుగు వంపు అంతకంటే కొంచెం ఎక్కువే ఉంటుంది. పక్కన ఎవరైనా ఉంటే పది నిమిషాల్లో తేలిపోయేది. నాకు మూడు వారాలు పట్టింది.

తపన ఉంటే గురువెందుకు అనేవాళ్ళ మాట నేను నమ్మను. మాది రాజమండ్రి. అంతటి చిత్రకారుడు దామెర్ల రామారావు గారికే (1897–1925) ఇక్కడి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర అండ దొరికింది, ఆ తర్వాత బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూల్లో చదువుకున్నారు. నాలాంటివాడికి ఆ యోగం లేదు కాబట్టి కొన్ని ఉపాయాలు పట్టాను. బొమ్మని అద్దంలో చూస్తాను, వంకరంతా ఒక్కసారిగా బయటపడుతుంది. లేదంటే వారం రోజులు బీరువా మీద పడేసి, పరాయివాడి బొమ్మలా తీసి చూస్తాను. చేయి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిలుతో కొలుస్తాను. (పెన్సిళ్ళంటే గుర్తొచ్చింది, 24 ఉన్న సెట్టు కొనకండి. హెచ్‌బీ, 2బీ, 6బీ చాలు. మిగతావి మా అబ్బాయి చెక్కి చెక్కి అవగొట్టాడు.)

ముఖాల దగ్గర మాత్రం చాలాకాలం తన్నుకున్నాను. తొలిరోజుల్లో నాయనమ్మని ఎదురుగా కూర్చోబెట్టి గంటన్నర గీస్తే, కళ్ళజోడు సర్దుకుని చూసి "ఎవర్రా ఈవిడ?" అంది. ముక్కు సరిగ్గా రాలేదనుకుని చిరుగు పడేదాకా దాన్నే చెరిపాను. మాడు నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్ళు దాదాపు సరిగ్గా సగంలో ఉంటాయని తర్వాతెప్పుడో తెలిసింది. మొన్న అటక మీంచి ఆ కాగితం దించి పెన్సిలు పెట్టి చూశాను. ముక్కు బాగానే ఉంది. కళ్ళు రెండు వేళ్ళ మందం పైకి ఉన్నాయి.