కూలిన చెట్టును అడవిలోనే ఎందుకు వదిలేస్తారు?

ప్రశ్న: ఫిన్లాండ్ అడవుల వీడియో ఒకటి చూశాను. ముసలి స్ప్రూస్ చెట్లు (చలి దేశాల్లో పెరిగే సూదుల్లాంటి ఆకుల చెట్లు) ఎక్కడివక్కడ కూలి, నాచు పట్టి పుచ్చిపోతున్నాయి. అంత కలప దండగే కదా? పైగా వాటికి పట్టిన పురుగు పక్కనున్న పచ్చని చెట్లకు పాకదా?

జవాబు: దండగ కాదండీ. అలా పడిపోయిన ఒక్క మానును దగ్గరగా చూడండి. మొదటి రెండు మూడేళ్లు పురుగులదే రాజ్యం, బెరడు పీకితే లోపల సన్నటి ఉలితో చెక్కినట్టు వాటి దారులు కనిపిస్తాయి. తర్వాత గిట్టలా గట్టిగా ఉండే ఒక పుట్టగొడుగు మొలుస్తుంది, దాని అంచు నారింజ ఎరుపు, కొత్తగా పెరిగే చోట చెమట పట్టినట్టు నీటి బొట్లు. అది కలపలోని సెల్యులోజును తినేసి లిగ్నిన్‌ను, అంటే కలపకు గట్టిదనమిచ్చే పదార్థాన్ని, వదిలేస్తుంది కాబట్టి మాను గోధుమరంగు పెళ్లలుగా పగిలి, చేత్తో నలిపితే పొడి అయిపోతుంది. చివరికి పైన నాచు, ఆ నాచులో స్ప్రూస్ మొలకలు. అడవిలో కొన్ని చెట్లు గీత గీసినట్టు ఒకే వరసలో కనిపిస్తే అవి ఇలా పాత మాను మీద పుట్టినవే అయ్యుండొచ్చు. ఆ చలికి చెదలు ఉండవు, కుళ్లడం కూడా నిదానమే, అందుకే ఇదంతా జరగడానికి 50 ఏళ్ల పైనే పడుతుంది. ఒక్కో దశలో ఒక్కో రకం జీవులు వచ్చి చేరతాయి. ఫిన్లాండ్‌లో దాదాపు 4,000 నుంచి 5,000 జాతులు ఇలా ఎండు కలపను, అంటే చచ్చిన చెట్ల కలపను, నమ్ముకుని బతుకుతున్నాయి.

అసలు బాధ ఇక్కడుంది. మంటల్లో కాలిపోయిన అడవిలో ఎండు మానులు బోలెడుంటాయి, అవి కుళ్లిపోయే సరికి కొత్త చెట్లు ఇంకా వయసులోనే ఉంటాయి కాబట్టి నడివయసు అడవిలోనే ఎండు కలప బాగా తక్కువ. అడవి నిజంగా ముసలిదైతేనే మళ్లీ లావుపాటి చెట్లు చచ్చి పడటం మొదలవుతుంది. కలప కోసం పెంచే అడవుల్లో ఆ రోజు రాదు, ముందే నరికి లారీల్లో తీసుకుపోతారు. దక్షిణ ఫిన్లాండ్‌లో మనిషి చెయ్యి పడని ముసలి స్ప్రూస్ అడవిలో హెక్టారుకు 60 నుంచి 100 ఘనపు మీటర్ల ఎండు కలప ఉండటం మామూలే. కలప కోసం పెంచే చోట సాధారణంగా పది కూడా ఉండదు. చూడటానికి రెండూ పచ్చగానే ఉంటాయి!

పురుగు గురించి మీ భయం సగం నిజమే. స్ప్రూస్ బెరడు పురుగు అప్పుడే పడిన చెట్టులో, బెరడు కింద తడి ఉన్నంతకాలమే గుడ్లు పెడుతుంది. పెద్ద గాలివానకు వందల చెట్లు ఒకేసారి పడితే దాని సంతతి విపరీతంగా పెరిగి బతికున్న చెట్ల మీద కూడా పడుతుంది. అందుకే ఫిన్లాండ్ చట్టం ప్రకారం దెబ్బతిన్న తాజా స్ప్రూస్ కలప హెక్టారుకు 10 ఘనపు మీటర్లు దాటితే, ఆ పైన ఉన్నది గడువులోగా తీసేయాలి. బెరడు ఊడి, నాచు పట్టిన పాత మానుతో ఆ టెన్షన్ లేదు, ఆ పురుగుకు అందులో తిండే దొరకదు. ఇంకో సంగతి, మూడు వేళ్ల వడ్రంగిపిట్ట ఈ బెరడు పురుగులనే ఏరుకుని తింటుంది. చలికాలంలో అది చచ్చిపోతున్న స్ప్రూస్ బెరడును పెచ్చులు పెచ్చులుగా ఊడదీస్తుంది, ఆ పెచ్చులు చెట్టు మొదట్లో మంచు మీద కుప్పగా పడి ఉంటాయి.